పత్తి కట్టెను బయోచార్‌గా మార్చి చెలకలో కలిపే పద్ధతి

మాఘమాసం దాటిన తర్వాత వరంగల్ దగ్గరి పరకాల, శాయంపేట, ఆత్మకూరు వైపు సాయంత్రం పూట ప్రయాణించిన వారందరికీ ఆ పొగ పరిచయమే. చివరి పత్తి ఏరడం పూర్తి కాగానే కట్టెను పీకి, చేను మధ్యలో కుప్ప వేసి, అగ్గిపుల్ల గీసి ఇంటికి వెళ్లిపోతాము. తెల్లవారి వెళ్లి చూస్తే తట్టెడు బూడిద తప్ప మరేమీ కనిపించదు. ఆరేడు నెలల పాటు ఆ మొక్క గాలి నుంచి తీసుకొని తన ఒంట్లో దాచుకున్న కర్బనం దాదాపు మొత్తం ఒక్క రాత్రిలో తిరిగి గాలిలోకే వెళ్లిపోతుంది.

పాత తెలుగు మాధ్యమం పాఠ్యపుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌కు బొగ్గుపులుసు వాయువు అని పేరు ఉండేది. నాకు ఆ పేరే ఇష్టం, ఎందుకంటే ఆ వాయువులో ఉన్నది బొగ్గేనన్న సంగతిని అది మరిచిపోనివ్వదు. గాలిలో కలిసిపోయిన ఆ బొగ్గును మొక్క ఎండ సాయంతో పట్టి కట్టెగా మారుస్తుంది. ఆ కట్టెను బూడిద కానివ్వకుండా మళ్లీ బొగ్గు దగ్గరే ఆపి, పొడి చేసి, నేలలో కలిపితే అందులో అధిక భాగం వందల ఏళ్ల పాటు గాలిలోకి తిరిగి రాదు. అలా నేలలో కలపడానికి తయారు చేసిన బొగ్గునే బయోచార్ అంటారు. ఒక గుంత, రెండు మూడు డ్రమ్ముల నీళ్లు, ఇద్దరు మనుషులు ఉంటే పత్తి రైతు ఎవరైనా దీనిని చేసుకోవచ్చు. ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు వివరించడానికే ఇది రాస్తున్నాను.

ఈ పని వల్ల ఎంత ఫలితం ఉంటుంది

పనిలోకి దిగే ముందు లెక్క తెలిసి ఉండడం మంచిది, లేకపోతే ఎవరు ఎంత పెద్ద మాట చెప్పినా నమ్మవలసి వస్తుంది. హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద 1958 నుంచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలుస్తున్నారు. అప్పట్లో గాలిలోని ప్రతి పది లక్షల అణువులలో సుమారు 315 ఈ వాయువువి కాగా, ఇప్పుడు ఆ సంఖ్య 420 దాటింది. కర్మాగారాల యుగానికి ముందు అది 280 దగ్గర ఉండేది. ఉద్గారాలను తగ్గించడమే మొదటి పని అని, అయితే అది ఒక్కటే సరిపోదని, గాలిలో ఇప్పటికే చేరిన వాయువును కొంతైనా వెనక్కి తీయక తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ 2022 నివేదికలో స్పష్టంగా చెప్పింది.

ఇక మన చేను లెక్క చూద్దాం. ఎకరం పత్తి చేనులో ఎండిన కట్టె సుమారు టన్ను వస్తుంది. పంట బాగా పెరిగిన చోట ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. గుంత పద్ధతిలో జాగ్రత్తగా కాల్చితే టన్ను కట్టె నుంచి దాదాపు 200 కిలోల పొడి బొగ్గు చేతికి వస్తుంది. అందులో కర్బనం 70 శాతం అనుకుంటే 140 కిలోలు. నూరేళ్ల తర్వాత కూడా దానిలో నాలుగింట మూడు వంతులు నేలలోనే నిలుస్తాయనుకుంటే 105 కిలోలు. 12 కిలోల కర్బనం 44 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం కాబట్టి, ఈ 105 కిలోలు 385 కిలోల వాయువుకు సమానమవుతాయి. కాల్చేటప్పుడు వచ్చే పొగకు, ట్రాక్టరు తిరుగుళ్లకు కొంత తీసివేసి, ఎకరాకు 350 కిలోలని లెక్క వేసుకోవడం న్యాయంగా ఉంటుంది.

ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల వాయువు వెలువడుతుంది, అంటే ఎకరం కట్టె దాదాపు 130 లీటర్ల డీజిల్‌కు సమాధానం చెబుతుంది. అదే భూపాలపల్లిలోని సింగరేణి గనిలో తవ్విన ఒక టన్ను బొగ్గు మండినప్పుడు టన్నున్నరకు పైగా వాయువు వస్తుంది కాబట్టి దానికి జవాబు చెప్పడానికి నాలుగైదు ఎకరాల కట్టె కావాలి. సింగరేణి బొగ్గు కూడా ఒకప్పటి చెట్టూ చేమే. పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కిందట గాలి నుంచి తీసిన కర్బనాన్ని భూమి దాచి ఉంచితే మనం రోజూ లారీల్లో పైకి తెస్తున్నాము. అందులో చాలా చిన్న వాటానే మనం ఈ పద్ధతిలో వెనక్కి పంపగలము. కాబట్టి బయోచార్ చేస్తున్నామని చెప్పి బొగ్గు మండించడాన్ని ఎవరూ సమర్థించుకోకూడదు. ఆ మాట ముందే చెప్పి పనిలోకి రావడం నాకు ముఖ్యం.

గాలి నుంచి ఈ వాయువును తీసే దారులు ఇంకా ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ సంస్థ పెద్ద పంకాలతో గాలిని లాగి, అందులోని వాయువును రసాయనాలతో పట్టే కర్మాగారాలను 2021లో ఒకటి, 2024లో మరొకటి ప్రారంభించింది. మొదటి దాని సామర్థ్యం ఏడాదికి 4,000 టన్నులు, రెండవ దానిది 36,000 టన్నులు. పట్టిన వాయువును నీటిలో కరిగించి భూమి లోపలి బసాల్ట్ రాతిలోకి పంపితే అది రెండేళ్లలోపే చాలా వరకు రాయిగా మారుతుంది. దానికి కరెంటు, డబ్బు చాలా కావాలి. బసాల్ట్ రాయిని మెత్తగా పొడి చేసి పొలాల్లో చల్లడం ఇంకొక దారి, ఆ పొడి వాన నీటిలో కరుగుతూ గాలిలోని వాయువును పట్టుకుంటుంది. మన దేశంలోని చిన్న రైతుల పొలాల్లో ఈ పని చేస్తున్న మాటి కార్బన్ అనే సంస్థకు 2025లో, గాలి నుంచి కర్బనాన్ని తీసే పద్ధతులకు పెట్టిన ఎక్స్‌ప్రైజ్ అంతర్జాతీయ పోటీలో 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి వచ్చింది. ఆ వార్త చదివి మన క్వారీల పొడిని చేనులో పోద్దామని కొందరు అడిగారు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు బసాల్ట్ రాయి ఉంది గాని, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల మామూలు గ్రానైట్ అంత త్వరగా కరిగే రాయి కాదు. దానితో ఆ ఫలితం రాదు. మన దగ్గర, మన చేతిలో, పెద్ద ఖర్చు లేకుండా ఇప్పుడే ఉన్నది పత్తి కట్టె.

ఏ కట్టె తీసుకోవాలి, ఎట్లా ఎండబెట్టాలి

పత్తి కట్టె, కంది కట్టె, గింజలు ఒలిచిన మక్క బెండ్లు, చెరువు గట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ కొమ్మలు ఈ పనికి పనికివస్తాయి. వరిగడ్డి పశువుల మేత, దానిని తీసుకోవద్దు. పెసర, సోయా వంటి పంటల చెత్త త్వరగా కుళ్లి నేలకు నేరుగా బలమిస్తుంది కాబట్టి దానిని కూడా కాల్చకూడదు. ఇప్పటికే ట్రాక్టరు ష్రెడ్డరుతో పత్తి కట్టెను ముక్కలు చేసి నేలలో కలుపుతున్న రైతు ఆ పని మానుకొని దీనికి మారవలసిన అవసరం లేదు. నేను చెబుతున్నది ఇప్పటిదాకా కుప్ప వేసి తగలబెడుతున్న కట్టె గురించి.

కట్టెను పీకడంలో ఆలస్యం చేయకూడదు. గులాబీ రంగు పురుగు విచ్చుకోని కాయల్లో, చేనులో నిలిచిపోయిన మోళ్లలో, కుప్ప వేసిన కట్టెలో తలదాచుకొని తర్వాతి పంటకు సోకుతుంది. అందుకే డిసెంబరు, జనవరి నాటికి పంటను ముగించి కట్టె తీసేయాలని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నారు. బయోచార్ కోసమని కట్టెను జూన్ దాకా గట్టు మీద పేర్చి ఉంచితే గాలికి చేసిన మేలు కన్నా పత్తికి చేసిన కీడు ఎక్కువవుతుంది. పీకిన కట్టెను వేర్లకు అంటిన మట్టి దులిపి, చేనులోనే పలుచగా పరిచి, మూడు వారాల ఎండలో ఎండబెట్టి, మార్చి నెలలోనే కాల్చే పని ముగించాలి. వేర్లకు మట్టి ఉంటే బొగ్గులో బూడిద, మన్ను పెరుగుతాయి.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. మా బాపు మొదలు దగ్గర లావుగా ఉన్న కట్టెను తీసి మోకాలి మీద పెట్టి విరిచేవాడు. ఫట్‌మని ఒక్క దెబ్బకు రెండు ముక్కలైతే ఎండినట్టు. వంగి, నార సాగి, లోపల లేత ఆకుపచ్చ కనిపిస్తే ఇంకో వారం ఆగాలి. సన్నని కొమ్మను విరిచి చూసి మోసపోవద్దు, అది రెండు రోజులకే ఎండుతుంది. కట్టెతో పాటు ప్లాస్టిక్ సంచులు, డ్రిప్పు పైపుల ముక్కలు, మల్చింగ్ కవర్లు, రంగు వేసిన చెక్క గుంతలోకి పోకుండా ఒక మనిషి చూస్తూ ఉండాలి, ఎందుకంటే వాటి విషం బొగ్గుతో పాటు నేలలోకి చేరుతుంది.

గుంత తవ్వడం

పైన అయిదు అడుగుల వెడల్పు, లోతు రెండున్నర అడుగులు, అడుగున రెండున్నర అడుగుల వెడల్పు ఉండేలా గరాటు ఆకారంలో గుండ్రని గుంత తవ్వాలి. పక్కలు నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా ఉండడం ముఖ్యం, ఎందుకంటే కట్టె జారి మధ్యకు చేరి, మంట గుంత నిండా ఒకే దుప్పటిలా పరుచుకోవడానికి ఆ వాలే కారణం. తీసిన మట్టిని అంచు చుట్టూ అడుగు ఎత్తు కట్టలా వేసి పారతో కొట్టి గట్టిపరిస్తే పక్క గాలి లోపలికి దూరదు. గట్టి మొరం నేల అయితే గుంత పక్కలు కూలవు. ఇసుక దుబ్బ అయితే నీళ్లు చల్లి, తడి మట్టితో మెత్తి, రెండు రోజులు ఆరనివ్వాలి. నల్లరేగడిలో వేసవి పగుళ్ల గుండా కింద నుంచి గాలి వస్తుంది కాబట్టి పక్కలను తప్పకుండా మెత్తుకోవాలి.

స్థలం ఎంచుకునేటప్పుడు పైన కరెంటు తీగలు ఉండకూడదు, గడ్డివాము, పశువుల కొట్టం, ఎండు గడ్డి గట్టు దగ్గర ఉండకూడదు. చుట్టూ ముప్పై అడుగులైనా దున్నిన నేల ఉండాలి. బావి లేదా బోరు దగ్గరైతే నీళ్ల పని సులువవుతుంది. పక్క చేను వాళ్లకు ముందు రోజే చెప్పాలి. ఇలాంటి గుంత ఒక్కసారి నిండితే సుమారు నూరు కిలోల పొడి బొగ్గు వస్తుంది కాబట్టి ఎకరం కట్టెకు రెండు విడతలు పడతాయి.

గుంతకు బదులు పాత నూనె డ్రమ్ముతో చేసే పద్ధతి కూడా ఉంది. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రీడా, రెండు వందల లీటర్ల డ్రమ్ముకు రంధ్రాలు చేసి వాడే బట్టీని రూపొందించి, పత్తి, కంది, ఆముదం, మక్క కట్టెలతో పరీక్షించింది. కొద్దిపాటి కట్టె ఉన్నవారికి అది బాగుంటుంది. అయితే కట్టెను చిన్న ముక్కలుగా నరకాలి. ఎకరాల కొద్దీ పత్తి ఉన్న రైతుకు ఆ నరికే కూలీ భారమవుతుంది, అందుకే నేను గుంతనే ఎంచుకున్నాను. డ్రమ్ము వాడేవారు మాత్రం పురుగుమందులు, రసాయనాలు పోసిన డ్రమ్మును ఏ పరిస్థితిలోనూ తీసుకోవద్దు.

మంట నడిపించడం

ఈ పనిలో నేర్పంతా ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చెబుతాను. కట్టె కాలడమంటే రెండు వేర్వేరు పనులు జరగడం. మొదట వేడికి కట్టెలోంచి ఆవిరి, ఆ తర్వాత మండే వాయువులు బయటికి వస్తాయి, మనకు కనిపించే పసుపు మంట ఆ వాయువులదే. అవి పోయాక మిగిలేది బొగ్గు. ఆ బొగ్గుకు గాలి తగిలితే మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతూ కాలి బూడిద అవుతుంది. మనం మొదటి పనిని పూర్తిగా జరగనిచ్చి, రెండవ పనిని ఆపాలి. గుంత పైభాగంలో మంట ఎడతెగకుండా ఉంటే లోపలికి రావలసిన ప్రాణవాయువును ఆ మంటే తినేస్తుంది, దాని కింద ఉన్న బొగ్గుకు గాలి అందదు. కింద నుంచి లేచే పొగ కూడా ఆ మంట గుండా వెళ్లేటప్పుడే కాలిపోతుంది. స్విట్జర్లాండ్‌లో హాన్స్ పీటర్ ష్మిట్, ఆయన సహచరులు 2014 నుంచి ప్రచారంలోకి తెచ్చిన కాన్‌టికి బట్టీ పని చేసేది ఈ సూత్రం మీదే. మన గుంత దానికి మట్టి రూపం.

ఉదయం ఆరు గంటలకు, గాలి లేనప్పుడు మొదలుపెట్టాలి. గుంత అడుగున సన్నని ఎండు కట్టెను నాలుగు పలకలుగా, బావి ఒరలా ఒకదాని మీద ఒకటి రెండు అడుగుల ఎత్తు పేర్చి, నిప్పును పైన అంటించాలి. మనకు కింద అంటించడం అలవాటు, కానీ కింద అంటిస్తే పైనున్న కట్టె అంతా పొగగా లేస్తుంది. పైన అంటిస్తే మంట కిందికి దిగుతూ తన పొగను తానే కాల్చుకుంటుంది. పది పదిహేను నిమిషాల్లో ఆ పేర్పు కుంగి, గుంత అడుగున ఎర్రని నిప్పుల పరుపు తయారవుతుంది.

దాని మీద మొదట లావు మొదళ్లను ఒక వరుస పలుచగా పరచాలి, అవి అడుగున ఎక్కువ సేపు వేడిలో ఉంటాయి కాబట్టి లోపలి దాకా బొగ్గవుతాయి. ఇక్కడి నుంచి కన్ను కట్టె మీదనే ఉండాలి. వేసిన వరుస మొదట నల్లబడుతుంది, తర్వాత పసుపు మంట నిండుగా లేస్తుంది, కొన్ని నిమిషాలకు ఆ మంట పొట్టిగా అవుతుంది, కట్టె అంచుల మీద బియ్యప్పిండి చల్లినట్టు సన్నని తెల్లని పొర కనిపిస్తుంది. ఆ తెల్లని పొర కనిపించిన క్షణమే తర్వాతి వరుస వేయవలసిన సమయం. ఇంకా ఆగితే ఆ పొర మందమవుతుంది, అంటే చేతికి రావలసిన బొగ్గు బూడిదగా పోతున్నట్టే. తొందరపడి ముందే వేస్తే, లేదా తట్టల కొద్దీ ఒకేసారి కుమ్మరిస్తే మంట ఉక్కిరిబిక్కిరై తెల్లని చిక్కటి పొగ లేస్తుంది.

ఆ పొగను చిన్న విషయమనుకోవద్దు. అందులో మీథేన్ ఉంటుంది, అది నూరేళ్ల లెక్కన చూసినా బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పచ్చి కట్టెతో, పొగ చిమ్ముతూ చేసిన బొగ్గు పైన చెప్పిన లెక్కను తారుమారు చేయగలదు. కాబట్టి పొగ కనిపించిన వెంటనే కొత్త కట్టె వేయడం ఆపి, గుంతలోని కట్టెను పొడవాటి కర్రతో కొద్దిగా కదిపి, మంట మళ్లీ అందుకునేదాకా ఆగాలి. పని సరిగ్గా సాగుతున్నప్పుడు పైన వేడి గాలి కదలడం తప్ప దూరం నుంచి పొగ కనిపించదు. మొదటిసారి మా చేనులో చేసినప్పుడు గట్టు మీది నుంచి చూసిన పక్క చేను కాక, ఇంకా అంటించలేదా అని అడిగాడు. అప్పటికి గంటన్నర అయింది.

వరుసకు వరుసకు మధ్య అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఒకరు కట్టె అందిస్తే ఒకరు పరచాలి, ఇద్దరూ గాలి వచ్చే వైపు, అంటే మంట సెగ తమ మీదికి రాని వైపు నిలబడాలి. ఒంటికి నూలు బట్టలు, కాళ్లకు బూట్లు, ముఖానికి తడిపిన తువ్వాల ఉండాలి. పాలిస్టర్ చొక్కా వద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు. మధ్యలో గాలి పెరిగితే ఎంత కట్టె మిగిలినా ఆపేసి ఆర్పేయాలి. మంట చేయి దాటితే అగ్నిమాపక కేంద్రానికి 101కి ఫోన్ చేయడానికి వెనుకాడవద్దు. మూడు, మూడున్నర గంటల్లో గుంత అంచుకు అరడుగు దిగువ దాకా బొగ్గు నిండుతుంది. చివరి రెండు వరుసలకు సన్నని కట్టెనే వాడాలి, లేకపోతే అవి సగం కట్టెగా మిగిలిపోతాయి.

ఆర్పడం

చివరి వరుస మీద తెల్లని పొర రాగానే ఆలస్యం లేకుండా నీళ్లు పోయాలి. రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు నింపి ముందే దగ్గర ఉంచుకోవాలి, మూడవది ఉంటే ఇంకా నిశ్చింత. మొదటి బిందె పోసినప్పుడు లేచే ఆవిరి చేతులను, ముఖాన్ని కాల్చగలదు కాబట్టి అంచు నుంచి దూరంగా నిలబడి, మగ్గుతో కాకుండా పైపుతో పోయడం మంచిది. ఆవిరి తగ్గాక పారతో తిరగేసి, మళ్లీ పోసి, అడుగు దాకా తడి చేరేలా చూడాలి. నీళ్లు దొరకని చోట పైన తడి మట్టి అరడుగు మందాన కప్పి, ఎక్కడా పొగ రాకుండా మెత్తి, రెండు రోజులు వదిలేయవచ్చు, అయితే అలా చేసినప్పుడు కొంత బొగ్గు బూడిదగా పోతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి ఏడాది బొగ్గు పైన చల్లబడిందని చూసి, అదే సాయంత్రం బస్తాలకు ఎత్తి కొట్టంలో పెట్టాను. రాత్రి రెండు గంటలకు గోనె కాలిన వాసనకు మెలకువ వచ్చింది. లేచి చూస్తే రెండు బస్తాలు అడుగు నుంచి ఎర్రగా రాజుకొని ఉన్నాయి, దూడ తాడు లాగుతూ అరుస్తోంది. దూడను విప్పి, తొట్టిలోని నీళ్లు బస్తాల మీద పోసి ఆర్పేసరికి గుంజకు నిప్పు అంటుకునే దాకా వచ్చింది. పిడికెడంత నిప్పు కణిక బొగ్గు మధ్యలో గంటల తరబడి బతికి ఉంటుందని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఆర్పిన బొగ్గును ఆరుబయట నేల మీద పలుచగా పరిచి, చెయ్యి పెట్టి ప్రతి మూలా తడిమి, రెండు రాత్రులు గడిచాకే బస్తాలకు ఎత్తుతున్నాను. బస్తాలను కొట్టంలో గాని, పత్తి నిల్వ ఉన్న గదిలో గాని పెట్టడం లేదు.

బొగ్గు మంచిదో కాదో చూడడం

చల్లారిన ముక్కను తీసి వేళ్ల మధ్య నలపాలి. మంచి బొగ్గు పొడిపొడిగా నలిగిపోతుంది, చేతికి అంటిన నలుపు ఉత్త నీళ్లతో కడిగితే పోతుంది. జిడ్డుగా అంటి, సబ్బు పెట్టినా వదలకపోతే అందులో తారు మిగిలిందని అర్థం. విరిచిన చోట నడుమ గోధుమ రంగు కనిపిస్తే అది ఇంకా కట్టె, దానిని పక్కన పెట్టి తర్వాతి విడతలో వేయాలి. ఇంకొక పరీక్ష కూడా చేసుకోవచ్చు. రెండు గిన్నెల్లో మట్టి తీసుకొని, ఒకదానిలో పదో వంతు బొగ్గు పొడి కలిపి, రెండింటిలోనూ పది పది పెసర గింజలు నాటితే నాలుగైదు రోజుల్లో మొలకలు జవాబు చెబుతాయి. బొగ్గు కలిపిన గిన్నెలో మొలకలు తక్కువ వచ్చినా, వేర్ల కొసలు నల్లబడినా ఆ విడత బొగ్గును నేలలో కలపవద్దు. అమ్మే ఉద్దేశం ఉన్నవారికి మాత్రం ప్రయోగశాల పరీక్ష తప్పదు. బొగ్గు ఎంత బాగా కాలిందో చెప్పే హైడ్రోజన్, కర్బనాల పరమాణువుల నిష్పత్తి 0.7 కన్నా తక్కువ ఉండాలన్నది యూరోపియన్ బయోచార్ సర్టిఫికేట్ పెట్టిన హద్దు.

ఎరువుతో మాగబెట్టడం

పచ్చి బొగ్గును నేరుగా చేనులో పోస్తే మొదటి పంటకు నష్టం జరగవచ్చు. ఒక్క ముక్కలోనే లెక్కలేనన్ని సన్నని రంధ్రాలు ఉంటాయి, ఆకలిగా ఉన్న ఆ రంధ్రాలు నేలలోని నత్రజనిని, ఇతర పోషకాలను ముందు తమలోకి పీల్చుకుంటాయి. మొక్క పసుపు పచ్చబడి, బొగ్గు పనికిరాదని రైతు వదిలేసేది ఇక్కడే. కాబట్టి దాని ఆకలి ముందే తీర్చాలి.

తడిగా ఉన్నప్పుడే బొగ్గును నేల మీద పరిచి రోకలితో దంచితే, లేదా బస్తాలో వేసి పైన ట్రాక్టరు చక్రం రెండుసార్లు తిప్పితే శనగగింజ పరిమాణానికి వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు దంచవద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తర్వాత ఒక వంతు బొగ్గుకు మూడు వంతుల పశువుల పెంట కలిపి, పైన పశువుల మూత్రం చల్లి, నీడలో కుప్ప వేసి, పిడికిట పట్టి పిండితే నీరు కారకుండా చెమ్మ తెలిసేంత తడి ఉంచాలి. వారానికోసారి తిరగేస్తూ నెలన్నర మాగబెడితే చాలు. జీవామృతం చేసుకునేవారు దానినే కుప్ప మీద చల్లుకోవచ్చు. మాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకా సులువైనది. కొట్టంలో పశువుల కింద రోజూ రెండు తట్టల బొగ్గు పొడి చల్లి, తెల్లవారి పేడతో కలిపి ఎత్తి పెంటకుప్పలో వేస్తాము. మూత్రం వృథా కాదు, కొట్టంలో ఘాటు వాసన తగ్గుతుంది, కలపడానికి వేరే కూలీ అక్కర్లేదు. మార్చిలో చేసిన బొగ్గు ఏప్రిల్, మే నెలల్లో పెంటలో మాగి, రోహిణి కార్తె నాటికి చేనుకు సిద్ధమవుతుంది.

ఏ నేలలో, ఎంత, ఎట్లా

బొగ్గుకు క్షార గుణం ఉంటుంది. మన ఎర్ర చెలకల్లో, దుబ్బ నేలల్లో సేంద్రియ కర్బనం తక్కువ, వాన పడిన నాలుగు రోజులకే తడి దిగిపోతుంది. అటువంటి నేలలో బయోచార్ తడిని, ఎరువును పట్టి ఉంచడానికి సాయపడుతుంది. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి ఇప్పటికే క్షారంగా ఉంటుంది కాబట్టి అక్కడ పంటకు లాభం కనిపించకపోవచ్చు, ఎక్కువ మోతాదు వేస్తే ఇబ్బంది కూడా కలగవచ్చు. అందుకే మొదట మట్టి పరీక్ష చేయించుకోవాలి. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను సలహా అడగవచ్చు. నల్లరేగడి రైతు తన కట్టెతో చేసిన బొగ్గును చెలక ఉన్న బంధువుకు ఇచ్చినా, వాతావరణానికి జరిగే మేలు అంతే ఉంటుంది.

ఎకరం కట్టె నుంచి వచ్చే రెండు క్వింటాళ్ల బొగ్గును ఎకరమంతా వెదజల్లితే నేలకు తెలియనంత పలుచనవుతుంది. దానిని వేర్లు ఉండే చోటే ఇవ్వాలి. పత్తికి సాళ్లు తీసి, మాగిన బొగ్గుపెంటను సాలులో పోసి మట్టి కప్పి, మృగశిర వానకు గింజ పెట్టవచ్చు. మిర్చి నాటేవారు ప్రతి గుంటలో పిడికెడు వేసి మొక్క పెట్టవచ్చు. మామిడి, కూరగాయల తోటలకు మొక్క చుట్టూ జానెడు లోతు గాడి తీసి వేయాలి. పైపైన చల్లి వదిలేస్తే తేలికైన పొడి మొదటి వానకే కొట్టుకుపోతుంది, గాలికి లేచిపోతుంది. చెరువు పూడికమట్టి తోలుకునేవారు దానితో కలిపి వేస్తే చెలకకు మెత్తని మట్టి, బొగ్గు రెండూ ఒకేసారి అందుతాయి. మొత్తం చేనులో ఒకేసారి చేయకుండా మొదటి ఏడాది అయిదు గుంటల నేలలో, అంటే ఎకరంలో ఎనిమిదో వంతులో చేసి, పక్కనే అయిదు గుంటలు మామూలుగా వదిలేసి, రెండింటినీ పోల్చి చూడమని నా సలహా. మొదటి ఏడాదే దిగుబడి పెరుగుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. నేలలోకి వెళ్లిన బొగ్గు మాత్రం ఏటేటా కలుపుతుంటే పేరుకుంటూ పోతుంది. అమెజాన్ నదీ ప్రాంతంలో వందల, వేల ఏళ్ల కిందటి మనుషులు వంటబొగ్గు, చెత్త కలిపిన నల్లనేలలు ఈనాటికీ సారవంతంగా ఉన్నాయి.

లెక్క రాసుకోవడం, క్రెడిట్ల మాట

ప్రతి విడతకూ ఒక నోటుబుక్కులో తేదీ, ఏ సర్వే నంబరు చేను కట్టె, సుమారు ఎన్ని బండ్లు, ఎన్ని గంటలు కాల్చారు, ఎంత బొగ్గు వచ్చింది, ఎక్కడ వేశారు అనేవి రాసుకోవాలి. తడి బొగ్గును తూకం వేస్తే నీళ్ల బరువే సగం ఉంటుంది. అందుకే ఒక బకెట్ తడి బొగ్గును తూచి, దానిని మూడు రోజులు ఎండలో ఆరబెట్టి మళ్లీ తూచి, ఆ తేడాతో మిగిలిన మొత్తాన్ని లెక్కగట్టాలి. గుంత నిండినప్పుడు, ఆర్పినప్పుడు, చేనులో వేసినప్పుడు ఫోన్‌లో ఒక్కో ఫోటో తీసి ఉంచుకుంటే మంచిది.

నేలలో నిలిచిన కర్బనానికి డబ్బు చెల్లించే కార్బన్ క్రెడిట్ల వ్యాపారం ప్రపంచంలో నిజంగానే ఉంది. ఈ క్రెడిట్లకు ప్రమాణాలు పెట్టే వెర్రా వంటి సంస్థలు బయోచార్‌కు ప్రత్యేక నియమావళి తయారు చేశాయి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023లో కార్బన్ క్రెడిట్ల వర్తక పథకాన్ని ప్రకటించింది. అయితే తూకాలు, తేమ, ఫోటోలు, ప్రయోగశాల ఫలితాలు లేకుండా ఆ డబ్బు ఎవరికీ రాదు, ఒక్క రైతు విడిగా ఆ ఖర్చు భరించలేడు. పది ఊళ్ల రైతులు ఒక ఉత్పత్తిదారుల సంఘంగా కలిస్తేనే అది కుదురుతుంది. రెండేళ్ల కిందట మా ఊరికి ఒక సంస్థ ప్రతినిధినని చెప్పుకుంటూ ఒకాయన వచ్చి, నమోదు రుసుము పేరుతో ఇంటింటా డబ్బు, పాసుపుస్తకాల నకళ్లు తీసుకొని వెళ్లాడు. ఆ తర్వాత ఆ ఫోన్ నంబరు పని చేయలేదు. నిజంగా క్రెడిట్లు కొనే వారు రైతుకు డబ్బు ఇస్తారు గాని రైతు దగ్గర ముందే తీసుకోరు. కాగితం మీద సంతకం పెట్టే ముందు అది ఎన్నేళ్ల ఒప్పందమో, కర్బనం హక్కు ఎవరికి పోతుందో చదివించుకొని తెలుసుకోవాలి.

పని ముగిశాక గుంతను తెరిచి వదిలేయవద్దు, రాత్రి పూట పశువులు, మనుషులు అందులో పడతారు. మళ్లీ ఏడాది వాడుకోదలచితే చుట్టూ ముళ్లకంప వేసి, పైన వాసాలు పరచాలి. లేదంటే తీసిన మట్టితోనే పూడ్చాలి. వానాకాలం పంట అయిపోయాక, బొగ్గు వేసిన సాలులో ఒక చోట, వేయని సాలులో ఒక చోట జానెడు లోతు తవ్వి చూడండి. బొగ్గు ముక్కలను చేతిలోకి తీసుకొని పరీక్షగా చూస్తే వాటి రంధ్రాల్లోకి దూరిన తెల్లని సన్న వేర్లు కనిపిస్తాయేమో గమనించి, ఆ సంగతి కూడా అదే నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి.